నాలుగు గీతల కథ

వర్తూరుకు కొత్తగా కాపురం వచ్చిన తెలుగువారు మొదటి వారంలో రెండు సంగతులు అడుగుతారు. ఒకటి 'వర్తూరు కోడి'. బస్సు మీద ఆ పేరు చూచి నవ్వని తెలుగు పిల్లవాడు లేడు. కన్నడంలో కోడి అంటే చెరువు నిండినప్పుడు నీరు పొర్లిపోయే చోటు. మన సీమలో దాన్నే మరవ అంటాము, తెలంగాణంలో అలుగు అంటారు. ఇంత పెద్ద చెరువు ఉన్న ఊరికి ఒక కోడి ఉండడంలో వింత లేదు. రెండవ సంగతి, ఇక్కడివారు ఇంటి నెంబరుకు ముందు వేసే # గుర్తు.

మన వైపు ఇంటి చిరునామా తీరు వేరు. విజయవాడలోగాని విశాఖపట్నంలోగాని 'డో.నెం.' అని వ్రాసి, మూడు అంకెలను అడ్డగీతలతో కలుపుతాము. హైదరాబాదులో 'ఇం.నెం.' అని మొదలుపెట్టి, అడ్డగీతలు చాలక వాలుగీతలు కూడ చేర్చి, ఒక్కొక్కప్పుడు రైలుబండి అంత పొడుగు నెంబరు వ్రాస్తారు. బెంగుళూరులో అదేమీ లేదు. నాలుగు గీతల గుర్తు ఒకటి, దాని పక్కన ఒక అంకె, తరువాత ఫలానా మెయిను, ఫలానా క్రాసు. గేటు మీద, పెండ్లి పత్రిక మీద, కిరాణా చీటీ మీద, అన్నిటా ఇదే. నెంబరు అనే మాటకు ఇది బదులు. చదివేటప్పుడు దీన్ని ఎవరూ ఉచ్చరించరు. పండితుని పేరు ముందు సున్న చుట్టినట్లు ఊరికే చూచి దాటిపోతారు.

నేనూ పదేళ్ళు అలాగే దాటిపోయినాను. ఈ గుర్తు చరిత్ర తెలుసుకోవాలనే బుద్ధి పుట్టినది కిందటి శ్రావణమాసంలో, మా పెద్దమ్మకు జరిగిన నష్టం వల్ల.

మా పెద్దమ్మది మదనపల్లె. పెదనాన్నగారు పోయిన తరువాత మా ఇంటనే ఉంటున్నది. ఆమె కొడుకు అమెరికాలో డాలసు పట్నంలో ఉన్నాడు. ఒకనాడు పగటిపూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆమె బ్యాంకు ఖాతాలోనుంచి తాను తీయని డబ్బు పోయినట్లు ఫోనుకు వార్త వచ్చినది. పావుగంటలో మళ్ళీ ఒకటి. ఆమె కంగారుపడలేదు. అద్దాలు పెట్టుకొని కార్డు వెనుక ఉన్న నెంబరుకు తానే ఫోను చేసినది. తెలుగు కావాలంటే ఇంత నొక్కండి అంటే నొక్కినది. "మీ కార్డు మీది పదహారు అంకెలు నొక్కి, చివర హ్యాష్ నొక్కండి" అన్నది ఆ గొంతు. పదహారు అంకెలూ తప్పు లేకుండ నొక్కినది. హ్యాష్ ఏదో తెలియక ఆగినది. కాసేపటికి ఫోను తెగిపోయినది. మూడుసార్లు ఇదే తంతు. మూడవసారి తెగిపోయే సరికి మరొక పదివేలు పోయినవి.

సాయంకాలం నేను వచ్చి, "ఇదిగో పెద్దమ్మా, సున్నకు కుడిప్రక్కన, తొమ్మిది క్రింద" అని చూపితే ఆమె ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరువాత, "ఇది పౌండు కదరా! డాలసులో ఆర్నెల్లు రోజూ నొక్కినాను. ఈ మాట ముందే చెప్పి ఉంటే నొక్కకపోదునా?" అన్నది.

ఆమెకు మీట తెలుసును. దాని పేరు దేశం మారినప్పుడు మారిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ యంత్రపు గొంతు మాటలన్నీ చక్కని తెలుగులో పలికి, పని నడవవలసిన ఒక్క మాటను మాత్రం ఇంగ్లీషులో పలికినది. అదైనా ఆమె ఎరిగిన ఇంగ్లీషు కాదు. ఒక్క గుర్తుకు రెండు పేర్లు ఎందుకు వచ్చినవని వెదకబోతే కథ రోము దాకా పోయినది.

లాటిను భాషలో 'లిబ్రా' అంటే త్రాసు. ఒక తూకం పేరు కూడ. 'లిబ్రా పోండో' అంటే తూకంలో ఒక లిబ్రా. రెండవ మాటనుంచి ఇంగ్లీషువారి 'పౌండు' వచ్చినది. మొదటి మాటలోని ఎల్, బి అక్షరాలను పౌండుకు పొడి అక్షరాలుగా వ్రాసేవారు. అది పొడి మాట అని తెలియడానికి వాటి మీద ఒక అడ్డగీత గీసేవారు. మన పెద్దలు దస్తావేజులలో రూ॥, తా॥ అని రెండు నిలువు గీతలు పెట్టిన పద్ధతి వంటిదే ఇది. వారిది అడ్డం, మనది నిలువు, అంతే భేదం. ఐజాక్ న్యూటను చేతివ్రాతలో కూడ ఈ అడ్డగీత గల రెండక్షరాలు కనబడుతున్నవి. వర్తకులు, గుమాస్తాలు త్వరత్వరగా వ్రాయగా వ్రాయగా ఆ అక్షరాలు కరిగిపోయి, రెండు వాలు గీతలు, రెండు అడ్డగీతలు మిగిలినవి. అదే మన #.

ఇక్కడ ఒక చిత్రమున్నది. బ్రిటిషువారి నాణెపు పౌండు గుర్తు £ కూడ ఆ లిబ్రాలోని ఎల్ అక్షరమే. అంటే ఈ రెండు గుర్తులూ ఒక తల్లి బిడ్డలు. ఒకటి తూకానికి, ఒకటి డబ్బుకు పోయినవి. ఇంగ్లండులో పౌండు అనగానే డబ్బే కాబట్టి రెండవ గుర్తుకు ఆ పేరు నిలవలేదు. అమెరికాలో డబ్బు డాలరు గనుక, పౌండు పేరు # కు దక్కినది. అక్కడి వర్తకులు దీన్ని రెండు విధాల వాడుకొన్నారు: అంకెకు ముందు వేస్తే నెంబరు, అంకె తరువాత వేస్తే పౌండ్ల తూకం. బెంగుళూరు గేట్ల మీద ఉన్నది ఆ మొదటి వాడుక. సుమారు 1886 నాటి రెమింగ్టను టైపురైటరు మీద ఈ గుర్తుకు అప్పుడే ఒక మీట ఉన్నది. హ్యాష్ అనే పేరు బ్రిటిషువారిది. గళ్ళగా గీతలు గీయడానికి వారు వాడే 'హ్యాచ్' మాట చెడి హ్యాష్ అయినదని భాషావేత్తల ఊహ.

టెలిఫోను మీదికి ఎక్కిన కథ ఇంతకన్న సరదాగా ఉంటుంది. పూర్వపు టెలిఫోనుకు పది రంధ్రాల చక్రం ఉండేది. వ్రేలు పెట్టి త్రిప్పి వదిలితే, అంకె ఎంతో అన్నిసార్లు తీగలోని విద్యుత్తు తెగి అతుక్కొనేది. ఆ పద్ధతిలో అంకెలు తప్ప మరేమీ పంపడానికి వీలులేదు. అమెరికాలో బెల్ కంపెనీవారి ప్రయోగశాలలో మీటల టెలిఫోను కొరకు ఎన్నో రకాల అమరికలు జనం చేత నొక్కించి చూచినారు. డైనింజరు అనే ఆయన ఆ పరిశీలన ఫలితాలను 1960లో ప్రకటించినాడు. మన లెక్కల యంత్రం మీద ఏడు, ఎనిమిది, తొమ్మిది పైన ఉంటే, టెలిఫోను మీద ఒకటి, రెండు, మూడు పైన ఉండే ఏర్పాటు ఆ పరిశీలనల కాలంలో స్థిరపడినదే.

1963 నవంబరు 18వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ అనే రెండు చిన్న పట్టణాలలో మీటల టెలిఫోను వాడుకలోకి వచ్చినది. అప్పుడు దానికి పది మీటలే. సున్నకు రెండు వైపులా ఖాళీ. 1968లో ఆ ఖాళీలలో * ఒకవైపు, # ఒకవైపు పెట్టి పన్నెండు మీటలు చేసినారు. మనిషి మనిషితో మాట్లాడడానికి పది మీటలు చాలు. మనిషి యంత్రంతో మాట్లాడే రోజు వస్తుందని, అప్పుడు "నేను చెప్పవలసినది అయిపోయినది" అనడానికి అంకె కాని గుర్తు ఒకటి కావలెనని వారు ముందే ఊహించినారు. మా పెద్దమ్మ చెప్పవలసిన మాట సరిగ్గా అదే.

మీట నొక్కినప్పుడు వినబడే కూత ఊరికే పెట్టినది కాదు. ప్రతి మీటకు రెండు స్వరాలు. అది ఉన్న అడ్డవరుసకొకటి, నిలువు వరుసకొకటి. # కు సెకనుకు 941 కంపనాల స్వరం, 1477 కంపనాల స్వరం కలిసి మ్రోగుతవి. ప్రక్కనున్న సున్నకు అదే 941, దానితో 1336. అవతలి యంత్రానికి కళ్ళు లేవు. ఈ జంట స్వరాలు విని ఏ మీటో పోల్చుకొంటుంది. బెల్ ప్రయోగశాలలోనే దీనికి 'ఆక్టోథార్ప్' అని ఒక విడ్డూరమైన పేరు కూడ పెట్టినారు. ఆక్టో అంటే ఎనిమిది, గీతల కొనలు ఎనిమిది కనుక. మిగిలిన సగం ఎక్కడిదో అక్కడ పనిచేసినవారే తలా ఒక కథ చెప్పినారు. ఆ పేరు నిఘంటువులకెక్కినది గాని జనం నోటికెక్కలేదు.

మనకు టెలిఫోను యంత్రాలు చేసిపెట్టిన ఊరు మన వర్తూరుకు ఎక్కువ దూరంలో లేదు. కృష్ణరాజపురం దగ్గర దూరవాణీనగరంలో 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీసు స్థాపించినారు. దూరవాణి అన్న మాట మనకూ కన్నడిగులకూ ఉమ్మడిదే. నల్లని శరీరంతో, చక్రంతో, బరువుగా ఉండే ఆ యంత్రం ఒకప్పుడు దేశంలో ప్రతి కచేరీ బల్ల మీదా ఉండేది. ఆ కర్మాగారంలో మన తెలుగువారూ పనిచేసినారు. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, మన దేశపు ఎలెక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు పల్లెలకు చేరిన తరువాత చక్రాలు పోయి మీటలు వచ్చినవి. ఐనా చాల కాలం ఈ # మీట అలంకారంగానే ఉండిపోయినది. ఎస్.టీ.డీ. బూతుల ముందు వరుసలో నిలిచిన మన తరంవారు దానిని ఒక్కసారైనా నొక్కి ఉండరు.

సెల్‌ఫోను వచ్చి దానికి ప్రాణం పోసినది. ఏ ఫోనులోనైనా *#06# అని నొక్కితే దాని పుట్టుమచ్చ వంటి పదిహేను అంకెల గుర్తింపు సంఖ్య తెర మీద కనబడుతుంది. ఫోను పోగొట్టుకొన్నవారికి ఆ సంఖ్య కావాలి కాబట్టి ఇంట్లో ప్రతి ఫోనుదీ ఒక కాగితం మీద వ్రాసిపెట్టుకోవడం మంచిది. 2014 ఆగస్టులో జనధన ఖాతాలు మొదలైనప్పుడు, ఇంటర్నెట్టు లేని మామూలు ఫోనుతో బ్యాంకు పని చేసుకోవడానికి *99# అనే సేవను దేశమంతటికీ తెరిచినారు. అందులో తెలుగు కూడ ఉన్నది. చివరి # లేనిదే అది కదలదు.

ఇక కంప్యూటరు సంగతి. 1963లోనే అమెరికాలో అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టిక వెలువడినది. అందులో # సంఖ్య 35. తరువాత అంతర్జాతీయ ప్రమాణంలో ఆ ముప్ఫై అయిదవ స్థానంలో # గాని £ గాని పెట్టుకోవచ్చునని సర్దుబాటు చేసినారు. బ్రిటిషువారు తమ పౌండు పెట్టుకొన్నారు. అక్కాచెల్లెళ్ళు రెండు వేల సంవత్సరాల తరువాత మళ్ళీ ఒక్క కుర్చీ కొరకు తగవుపడినారన్నమాట. ఆ తగవు గుర్తులు నేటికీ మీటల పలక మీద ఉన్నవి. అమెరికా పలక మీద షిఫ్టు పట్టి 3 నొక్కితే # వస్తుంది. బ్రిటిషు పలక మీద అదే నొక్కితే £ వస్తుంది. అక్కడ # కు ఎంటరు మీట ప్రక్కన వేరే మీట ఉన్నది. లండనులో ఉన్న మన బిడ్డలు మాకింటాషు వాడేవారైతే ఆప్షను పట్టి 3 నొక్కాలి.

మన దేశంలో అమ్మేవి చాలవరకు అమెరికా పలకలే. ఐతే కంప్యూటరు లోపల భాష 'బ్రిటిషు ఇంగ్లీషు' అని ఎవరో ఎంచి ఉంటే, మీట మీద # అచ్చయి ఉన్నా తెర మీద £ పడుతుంది. మీట చెడిపోయిందని బాగుచేయడానికి పరుగెత్తిన వారిని నేనెరుగుదును. భాషను 'ఇంగ్లీషు, ఇండియా' అని మార్చుకొంటే చాలు. విండోసులో ఆల్టు పట్టి కుడివైపు అంకెల మీటలలో 35 నొక్కినా వస్తుంది. ఆ పాత ఆస్కీ సంఖ్యే అది. ఆ వరుసలో ప్రక్కనే 4 మీద మన రూపాయి గుర్తు చేరినది. 2010 జూలై 15న ప్రభుత్వం ఆమోదించిన ఆ గుర్తును గీసినవారు ఉదయకుమార్.

తెలుగులో వ్రాసేవారికి వేరొక చిక్కు. 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలెక్ట్రానిక్స్ శాఖవారు భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరికతో ఇన్‌స్క్రిప్టు పలకను ఏర్పరచినారు. మన అక్షరాలకు చోటు చాలక అంకెల పైనున్న గుర్తులను కూడ తీసుకోవలసివచ్చినది. తెలుగు ఇన్‌స్క్రిప్టులో షిఫ్టు పట్టి 3 నొక్కితే # రాదు, రావత్తు వస్తుంది. పెద్దలు క్రావడి అన్నది. అయిదు మీద జ్ఞ, ఆరు మీద త్ర, ఏడు మీద క్ష ఉన్నవి. వ్యాకరణ దృష్టితో చూస్తే ఏర్పాటు మంచిదే. కాని బెంగుళూరులో చిరునామా తెలుగులో టైపు చేయబోయిన వాడికి ఇంటి నెంబరు ముందు ఒక దిక్కులేని రావత్తు వ్రేలాడుతుంది. ఇంగ్లీషుకు మార్చి, # కొట్టి, మళ్ళీ తెలుగుకు రావలసినదే. (ఆ జ్ఞ సంగతి చెప్పుకోవాలంటే, 2018 ఫిబ్రవరిలో దానికి దీర్ఘమిచ్చి ఒక విధంగా కూర్చిన అక్షరం ఐఫోనులను కూల్చివేసి ప్రపంచమంతటా వార్త అయినది, కొద్దిరోజులలోనే కంపెనీవారు సరిదిద్దినారు. తెలుగక్షరానికి అంత పేరు మరెప్పుడూ రాలేదు.)

ఇన్‌స్క్రిప్టు రాని ప్రవాసులు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు వ్రాసే మార్గం వెదకినారు. 1990ల మొదట్లో అమెరికాలో హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ గారలు ఒక లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించినారు. ఆర్.టి.ఎస్. అని దాని పేరు. ఈనాడు ఇంగ్లీషు మీటలతో తెలుగు కొట్టే వారిలో ఎందరికో వ్రేళ్ళకు అలవాటైనది ఆ పద్ధతి సంతానమే. అదే కాలంలో అవినాశ్ చోప్డే గారు చేసిన ఐట్రాన్సు అనే సాధనంలో మన # కు గౌరవమైన ఉద్యోగం దొరికినది. రెండు # లు ప్రక్క ప్రక్కన వేస్తే, అక్కడినుంచి ఇంగ్లీషును ఇంగ్లీషుగా వదలిపెట్టమని. మళ్ళీ వేస్తే దేశభాషకు తిరిగిరమ్మని.

మన వర్తూరు, వైట్‌ఫీల్డు యువకులకు ఈ గుర్తు అన్నం పెడుతున్నది. సి భాషలో వ్రాసే ప్రతి కార్యక్రమమూ దాదాపు ఈ గుర్తుతోనే మొదలవుతుంది. యూనిక్సులో దీని వెనుక వ్రాసినది యంత్రం చదవదు. మనుషులు ఒకరికొకరు వ్రాసుకొనే మాట. 2000లో వచ్చిన సి షార్పు భాషకు సంగీతంలోని షార్పు పేరు పెట్టి, పలక మీద ఆ గుర్తు లేదు కనుక # తోనే సరిపుచ్చుకొన్నారు. సంగీతపు గుర్తులో నిలువు గీతలు నిటారుగా, అడ్డగీతలు వాలుగా ఉంటవి. # లో అడ్డగీతలు సమంగా ఉంటవి. రెంటికీ చుట్టరికమేమీ లేదు.

పిల్లలు వాడే హ్యాష్‌ట్యాగు గురించి వారికే నాకంటె ఎక్కువ తెలుసును. 1988లో ఫిన్లండులో పుట్టిన ఐ.ఆర్.సి. అనే సంభాషణ పద్ధతిలో ముచ్చట గదుల పేర్లకు ముందు # పెట్టేవారు. 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సీనా అనే అమెరికను ట్విట్టరులో కూడ అలాగే చేస్తే ఎలా ఉంటుందని అడిగినాడు. కంపెనీవారు మొదట పట్టించుకోలేదు, జనం పట్టించుకొన్నారు. తాకే తెర ఉన్న ఫోనులో దీన్ని వెదకాలంటే, ఆండ్రాయిడులో అంకెల మీట నొక్కగానే కనబడుతుంది. ఐఫోనులో అంకెల తరువాత మరొక పుట త్రిప్పాలి. ఫోను మాట్లాడుతుండగా అంకెల పలక తెరవడం మరొక విద్య. తెర నల్లబడినప్పుడు చెవి దగ్గరనుంచి దూరంగా తీసి, 'కీప్యాడు' అన్నచోట తాకితే పన్నెండు మీటలూ వస్తవి. సున్నకు కుడిప్రక్క.

ఇంత తిరిగినా దీనికి నోటికి వచ్చే తెలుగు పేరు ఒకటి లేదు. నెంబరు గుర్తు అంటే అర్థమవుతుంది గాని, నెంబర్లన్నీ నొక్కి చివర నెంబరు గుర్తు నొక్కమంటే ముసలివారు మరింత తికమకపడతారు. ఫోనులో మాట్లాడే యంత్రాలకు తెలుగు వ్రాసిపెట్టే ఉద్యోగులు మన కాలనీలలోనే ఎవరో ఒకరు ఉండవచ్చును. వారికి నా మనవి ఒక్కటే: పేరు ఏది పెట్టినా సరే, "సున్నకు కుడిప్రక్కనున్న మీట" అని రెండు మాటలు చేర్చండి. దానికి రెండు సెకండ్లు పడుతుంది.

మా పెద్దమ్మ పోగొట్టుకొన్న డబ్బులో మొదటి రెండు మొత్తాలు చాల వ్రాతకోతల మీద తిరిగి వచ్చినవి. పదివేలు రాలేదు. ఆమె మాత్రం ఆ గుర్తుకు తనంతట తాను ఒక పేరు పెట్టుకొన్నది. మొన్న మదనపల్లెలోని చెల్లెలికి మా చిరునామా ఫోనులో చెబుతూ, "ముందు నాలుగు గీతల ముగ్గు వెయ్యి. వేసినావా? ఇప్పుడు పదునాలుగు" అంటున్నది.